పుట్ అప్: పైకి, ముందుకి, లోపలికి

శ్రీకాకుళం కలెక్టరేట్‌లో ఏ సెక్షన్ ముందైనా గంటసేపు నిలబడితే “ఫైలు పుటప్ చేశారా?” అన్న మాట చెవిన పడకుండా ఉండదు. గ్రూప్స్‌కి చదివేవాళ్ల పుస్తకంలో “పుట్ అప్ విత్ అంటే సహించు” అని ఉంటుంది. చదువుకో ఉద్యోగానికో విశాఖ వెళ్లిన పిల్లల్ని అక్కడ “వేర్ ఆర్ యు పుట్ అప్?” అని అడుగుతారు. ఫైలు, సహనం, బస: వీటికి ఒకదానితో ఒకటి పొంతన కనపడదు. అందుకే చాలామంది మూడు వేరువేరు మాటలుగా బట్టీ పడతారు. నాలుగో అర్థం ఎదురయ్యేసరికి ఆగిపోతారు.

బట్టీ అక్కర్లేదు. ఒక నోట్‌బుక్కు, విద్యార్థుల కోసం తయారైన ఇంగ్లీషు డిక్షనరీ ఒకటి (ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ డిక్షనరీలు ఫోన్లోనే ఉచితంగా దొరుకుతాయి), రోజుకు 20 నిమిషాల చొప్పున 6 రోజులు చాలు. ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు ఒక్కటే పెట్టుకుని కూర్చోకండి. అది ఒక్కో మాటకు ఒక్కో తెలుగు పదం ఇచ్చి ఊరుకుంటుంది. ఇక్కడ మనకు కావలసింది వాక్యం.

ముందుగా: రెండు ముక్కల్ని విడదీసి అర్థం చెప్పకండి

“పుట్ అంటే పెట్టు, అప్ అంటే పైన, కాబట్టి పుట్ అప్ అంటే పైన పెట్టు.” అందరూ మొదట పడే గొయ్యి ఇదే. గోడ మీద పటం తగిలించినప్పుడు ఈ లెక్క సరిపోతుంది. ఆపైన ఎక్కడా నమ్మదగ్గది కాదు.

సంస్కృతం కాస్త చదువుకున్నవాళ్లకు ఈ సంగతి కొత్తది కాదు. ఉపసర్గ తగిలితే ధాతువు అర్థం బలవంతంగా ఇంకోచోటికి లాక్కుపోబడుతుందని పాత శ్లోకం ఒకటి ఉంది: “ఉపసర్గేణ ధాత్వర్థో బలాదన్యత్ర నీయతే, ప్రహారాహార సంహార విహార పరిహారవత్.” ధాతువు ఒక్కటే, హృ. ముందు ప్ర చేరితే దెబ్బ, ఆ చేరితే తిండి, సం చేరితే చంపడం, వి చేరితే షికారు, పరి చేరితే నష్టానికి చెల్లింపు. ఆహారంలో “ఆ”కి అర్థమేమిటని అన్నం తినేటప్పుడు ఎవరూ ఆలోచించరు. ఇంగ్లీషు ఫ్రేజల్ వర్బ్ (పుట్ అప్ లాగా క్రియకు ఒక చిన్న ముక్క చేరిన మాట) కూడా ఇదే పని చేస్తుంది. సంస్కృతంలో ఉపసర్గ ముందు వస్తుంది, ఇంగ్లీషులో ఆ చిన్న ముక్క వెనక వస్తుంది. అంతే తేడా. పైగా ఇంగ్లీషు “అప్”, సంస్కృతం “ఉప” ఒకే మూలం నుంచి వచ్చిన చుట్టాలు. మనం ఉపాహారం అన్న ప్రతిసారీ ఆ చుట్టాన్ని పలుకుతూనే ఉన్నాం.

ఈ మాటలు పరాయివాళ్లను తికమకపెడతాయని ఇంగ్లీషువాళ్లకూ ఎప్పుడో తెలుసు. 1755లో తన నిఘంటువుకు రాసిన ముందుమాటలో శామ్యూల్ జాన్సన్, క్రియ వెనక చిన్న మాట చేర్చి అర్థం మార్చే ఈ పద్ధతి విదేశీయులకు అన్నిటికంటే ఎక్కువ కష్టమని చెప్పాడు. “ఫ్రేజల్ వర్బ్” అన్న పేరు మాత్రం చాలా ఆలస్యంగా, 1925లో లోగన్ పియర్‌సాల్ స్మిత్ రచనతో ప్రచారంలోకి వచ్చింది. ఆ పేరు సూచించింది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుల్లో ఒకరైన హెన్రీ బ్రాడ్లీ అని స్మిత్ చెప్పాడు.

ఇంకొక్క మాట ఇక్కడే చెప్పాలి. “టాలరేట్” లాటిన్ నుంచి వచ్చిన మాట, “పుట్ అప్ విత్” ఇంటి మాట. మొదటిది మనకు గ్రాంథికం లాంటిది, రెండోది వ్యావహారికం లాంటిది. మన శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు, జనం నోట ఆడే భాషే రాతకూ చదువుకూ రావాలని జీవితమంతా పోరాడారు. ఆయన పుట్టిన గడ్డ మీద ఇంగ్లీషు నేర్చుకుంటూ గ్రాంథికపు ఇంగ్లీషుతో సరిపెట్టుకోవడం అన్యాయం. ఫ్రేజల్ వర్బ్‌లు రాకపోతే ఇంగ్లీషు చదవగలరు గానీ, ఇద్దరు ఇంగ్లీషువాళ్లు మాట్లాడుకుంటుంటే అందుకోలేరు.

మొదటి రోజు: “పెట్టు” దగ్గర మొదలుపెట్టండి

నోట్‌బుక్కులో ఒక పేజీ తీసి తెలుగులో “పెట్టు” చేరిన మాటలు కనీసం 15 రాయండి. నిలబెట్టు, అమ్మకానికి పెట్టు, పెట్టుబడి పెట్టు, ఆవకాయ పెట్టు, కనిపెట్టు, విడిచిపెట్టు, తగలబెట్టు, ఎదుట పెట్టు, దాచిపెట్టు, కడుపులో పెట్టుకొను… ఇలా. కనిపెట్టడంలో ఎక్కడా ఏదీ పెట్టడం లేదు. విడిచిపెట్టడం పెట్టడానికి సరిగ్గా ఎదురు పని. అయినా ఏడేళ్ల పిల్ల తడుముకోకుండా వాడుతుంది. మీ భాషలో మీరు రోజూ చేస్తున్న పనినే ఇంగ్లీషు కూడా చేస్తోందని ఈ పేజీ మీకు చూపిస్తుంది. దీన్ని దాటేయకండి. తర్వాతి రోజులన్నీ దీని మీదే నిలబడతాయి.

ఇంగ్లీషు “పుట్” అసలు అర్థం కూడా నెమ్మదిగా ఉంచడం కాదు. పాత ఇంగ్లీషులో అది తోయడం, నెట్టడం. స్కూల్ గ్రౌండ్‌లో ఇనప గుండు విసిరే ఆటకు షాట్‌పుట్ అన్న పేరు ఆ పాత అర్థాన్నే మోస్తోంది. కాబట్టి “పుట్ అప్”లో ఎప్పుడూ కాస్త తోపు ఉంటుంది. దేన్నో ఎటో నెడుతున్నాం. ఎటు అన్నదే తేలాలి.

రెండు, మూడు రోజులు: ఎటు నెడుతున్నాం?

పేజీని మూడు నిలువు గడులు చేయండి. పైన “పైకి”, “ముందుకి”, “లోపలికి” అని రాయండి. డిక్షనరీలు ఇలా విభజించవు. ఇది గుర్తుండడానికి గీసుకున్న గీత మాత్రమే. కానీ పుట్ అప్ అర్థాల్లో దాదాపు అన్నీ ఈ మూడింట్లో ఎక్కడో ఒకచోట కూర్చుంటాయి. ఏ గడిలో పడుతుందో చెప్పేది వెనక వచ్చే నామవాచకం. కాబట్టి వాక్యంలో ముందు దాన్ని వెతకండి.

పైకి గడి తేలిక. చెయ్యి ఎత్తడం, గొడుగు విప్పడం, జెండా ఎగరేయడం, కరెంటు స్తంభం పాతడం, టెంటు వేయడం, గోడ కట్టడం, నోటీసు అంటించడం, రేటు పెంచడం. “దే పుట్ అప్ పెండాల్స్ ఫర్ ద సిరిమాను ఫెస్టివల్” అంటే పైడితల్లమ్మ పండక్కి పందిళ్లు వేశారని. తుపాను వేళ కళింగపట్నం రేవులో ప్రమాద సూచిక ఎగరేసినా ఇదే మాట. “ద ట్రేడర్స్ పుట్ అప్ ద ప్రైస్ ఆఫ్ క్యాష్యూ” అంటే పలాస వ్యాపారులు జీడిపప్పు రేటు పెంచారని. ధర విషయంలో బ్రిటిష్‌వాళ్లు పుట్ అప్ అంటారు, అమెరికావాళ్లకు రెయిజ్ అలవాటు. గడ్డిలో దాగిన పక్షిని బెదరగొట్టి లేపడానికి కూడా వేటగాళ్ల ఇంగ్లీషులో ఇదే మాట వాడతారు. ఇక్కడ తెలుగులో ఒకే క్రియ దొరకదని గమనించండి. గొడుగు వేస్తాం, జెండా ఎగరేస్తాం, స్తంభం పాతుతాం, పటం తగిలిస్తాం. నామవాచకాన్ని బట్టి మన క్రియ మారుతుంది, వాళ్ల క్రియ మారదు. అందుకే అనువాదం కాకుండా “గొడుగు–పుట్ అప్” అని జంటగా రాసుకోవాలి.

ముందుకి గడిలో “పెట్టు” మనకు చేయందిస్తుంది. పార్టీ అభ్యర్థిని నిలబెట్టింది, ఇల్లు అమ్మకానికి పెట్టారు, డబ్బు పెట్టాడు: మూడింటికీ పుట్ అప్. మీ ఎదుట పదిమందికీ కనపడేలా దేన్నో ముందుకు తోయడం ఇందులో ఉంది. ఎదురొడ్డి పోరాడడం కూడా ఇక్కడిదే. 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీదికి విజయనగరం సేన, బుస్సీ ఫ్రెంచి దళం కలిసి వచ్చినప్పుడు కోటలోవాళ్లు చేసింది ఇంగ్లీషులో చెప్పాలంటే “ద డిఫెండర్స్ పుట్ అప్ ఎ ఫియర్స్ ఫైట్”. గెలిచారా ఓడారా అన్నది ఈ మాటలో లేదు. లొంగకుండా నిలిచారన్నది మాత్రం ఉంది. కలెక్టరేట్ ఫైలు కూడా ఈ గడిలోదే: అధికారి ముందుకి.

లోపలికి గడి పాతది, అందుకే విచిత్రంగా కనిపిస్తుంది. అప్ అంటే పైకి కదా, లోపలికి ఎలా అయింది? వాడిన వస్తువును సర్ది, దాని చోట దాన్ని పెట్టేయడం అన్న అర్థం ఒకటి ఈ మాటకు ఉండేది. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో యేసు పేతురుతో “పుట్ అప్ దై స్వోర్డ్ ఇన్‌టు ద షీత్” అంటాడు. కత్తిని పైకెత్తమని కాదు, ఒరలో పెట్టేయమని. గుర్రాన్ని శాలలో కట్టేయడానికీ ఈ మాటే. ప్రయాణికుడు సత్రంలో దిగడానికీ ఈ మాటే. అమెరికా పల్లెల్లో ఇప్పటికీ పచ్చళ్లు జాడీల్లో నిల్వపెట్టడాన్ని పుట్ అప్ అంటారు. వేసవిలో మన ఇళ్లల్లో ఆవకాయ పెడతారు, అక్కడ దోసకాయ పచ్చడి “పుట్ అప్” చేస్తారు. ఎక్కడెక్కడి వంటిళ్లో, ఒకే క్రియ దగ్గర కలిశాయి!

బస సంగతిలో ఒక్క మెలిక. తెలుగులో “ఎక్కడ దిగారు?” అంటాం, కిందికి. ఇంగ్లీషు పైకి అంటుంది. కాబట్టి ఇక్కడ దిక్కు గురించి ఆలోచించకండి. “దిగు” అని మనసులో అనుకుని “పుట్ అప్” అని పలకండి.

నాలుగో రోజు: “విత్” చేరితే

ఈ రోజు మొత్తం ఒక్క మాటకే ఇవ్వండి. పరీక్షల్లో ఎక్కువగా అడిగేదీ, ఎక్కువమంది తప్పేదీ ఇదే.

పుట్ అప్ విత్ అంటే సహించు అని రాసి ఉంటే చెవికెక్కదు. అది ఎలా పుట్టిందో తెలిస్తే ఇక మరిచిపోరు. 1570ల నాటికే ఎవరైనా చేసిన అవమానాన్ని “పుట్ అప్” చేయడం అనే వాడుక ఉంది, విత్ లేకుండానే. కత్తిని ఒరలో పెట్టినట్టు, డబ్బును జేబులో వేసుకున్నట్టు, పడిన మాటను బయటికి అనకుండా లోపల పెట్టేసుకోవడం. తర్వాత 1755 నాటికి విత్ చేరిన రూపం రాతలో కనపడుతుంది. ఇది మన “కడుపులో పెట్టుకోవడం”. “తప్పులుంటే కడుపులో పెట్టుకోండి బాబూ” అంటాం కదా, ఆ పెట్టుకోవడమే. కాకపోతే మన మాటలో ప్రేమ ఉంది, ఇంగ్లీషు మాటలో విసుగు ఉంది. “ఏటి సేత్తాం, ఓర్చుకోవాల” అన్న మాటలో వినపడే గొంతు పుట్ అప్ విత్‌ది. అందుకే అమ్మ ప్రేమకు, భక్తికి, నొప్పిని ధైర్యంగా భరించడానికి ఇది పనికిరాదు. పక్కింటి మైకు, కరెంటు కోత, బస్సు ఆలస్యం, నోటి దురుసు ఉన్న మేనేజరు: వీటికి వాడండి.

వాడేటప్పుడు విత్ తర్వాత నామవాచకం గానీ “ఇంగ్” చేరిన క్రియ గానీ రావాలి. “ఐ కాంట్ పుట్ అప్ విత్ వెయిటింగ్” సరి. “పుట్ అప్ విత్ టు వెయిట్” తప్పు. “వేచి ఉండటాన్ని” అన్నదాన్ని మనవాళ్లు “టు వెయిట్” అని అలవాటుగా మార్చేయడం వల్ల ఈ తప్పు వస్తుంది.

ఈ మూడు ముక్కల మధ్య ఏదీ దూర్చకూడదు. వాక్యం చివర విత్ లాంటి మాట ఉండకూడదని పట్టుబట్టేవాళ్లను ఎగతాళి చేస్తూ, చర్చిల్ పేరు మీద ప్రచారమైన వాక్యం ఒకటుంది: “దిస్ ఈజ్ ద సార్ట్ ఆఫ్ ఇంగ్లిష్ అప్ విత్ విచ్ ఐ విల్ నాట్ పుట్.” బిగ్గరగా ఒకసారి చదవండి. ముక్కల్ని చెదరగొడితే ఎంత వికారంగా ఉంటుందో చెవికే తెలుస్తుంది.

అయిదో రోజు: ముక్కల మధ్య ఏం పెట్టొచ్చు

విత్ లేని పుట్ అప్‌లో నామవాచకం రెండుచోట్లా వస్తుంది. “పుట్ అప్ ద పోస్టర్”, “పుట్ ద పోస్టర్ అప్”, రెండూ సరే. సర్వనామం మాత్రం తప్పకుండా మధ్యలోనే: “పుట్ ఇట్ అప్”. “పుట్ అప్ ఇట్” అన్నారంటే వినేవాడికి వెంటనే తెలిసిపోతుంది. కర్మ పొడుగైతే చివరికి తోయండి: “పుట్ అప్ ద బ్యానర్ వుయ్ బాట్ ఎస్టర్‌డే.” “పుట్ అప్ ఎ ఫైట్”ను విడదీయరు, అది అచ్చుపోసిన మాట.

మనిషికి బస ఇవ్వడంలో మనిషి మధ్యలో ఉంటే సహజంగా ఉంటుంది: “మై అంకుల్ పుట్ మి అప్ ఫర్ టూ నైట్స్.”

కాలం మారినా రూపం మారదు: పుట్, పుట్, పుట్. “పుటెడ్” అన్న మాట లేదు. వర్తమానంలో “హి పుట్స్ అప్”. రాసేటప్పుడు ఇంగ్ ముందు టి రెండుసార్లు వస్తుంది. పలికేటప్పుడు రెండు ముక్కలూ అతుక్కుపోతాయి, ఆఫీసుల్లో “పుటప్” అయింది అందుకే. ఒత్తు మాత్రం “అప్” మీద పెట్టండి. విత్ చేరినా ఒత్తు అప్ మీదే, విత్ తేలిపోతుంది. మనవాళ్లు పుట్‌ను గట్టిగా పలికి అప్‌ను మింగేస్తారు. అప్పుడు వినేవాళ్లకు ఉత్త “పుట్” వినపడుతుంది.

ఆరో రోజు: మన వాడుక, బయటి వాడుక

ఆఫీసు “పుటప్” తప్పు కాదు. మన దేశపు ఇంగ్లీషులో అది స్థిరపడ్డ మాట. “డ్రాఫ్ట్ పుట్ అప్ ఫర్ అప్రూవల్” అని నోటు రాస్తే మన దేశంలో ఏ కార్యాలయంలోనైనా అర్థమవుతుంది. బయటి దేశపు కంపెనీకి మెయిల్ రాసేటప్పుడు మాత్రం “సబ్‌మిట్” గానీ “సెండ్” గానీ వాడండి.

ముఖ్యంగా ఒక నోటు దగ్గర జాగ్రత్త. పాత కాగితాలు జతచేసి ఫైలు పంపమనడానికి మన ఆఫీసుల్లో “ప్లీజ్ పుట్ అప్ విత్ ప్రీవియస్ పేపర్స్” అని రాస్తారు. మన గుమాస్తాకు ఇది రోజువారీ మాట. లండన్‌లో ఎవరికైనా చూపిస్తే “దయచేసి పాత కాగితాలను భరించండి” అని చదువుకుంటారు. ఇక్కడ పుట్ అప్ వేరు, విత్ వేరు. అక్కడ మూడూ కలిసి ఒకే మాట.

ఇదే చిక్కు ఇంటర్వ్యూల్లో వస్తుంది. విశాఖలో మామయ్య ఇంట్లో ఉంటున్న అమ్మాయి “ఐ యామ్ పుటింగ్ అప్ విత్ మై అంకుల్” అంటే, అవతలివాళ్లకు “మా మామయ్యను ఎలాగో భరిస్తున్నాను” అని వినపడుతుంది. “ఐ యామ్ స్టేయింగ్ విత్ మై అంకుల్” అనాలి. “ఐ యామ్ పుట్ అప్ ఇన్ శ్రీకాకుళం” కూడా మన దేశం దాటితే తికమకే, ఎందుకంటే బయట ఈ మాట రెండుమూడు రాత్రుల బసకే వాడతారు. సొంతిల్లు ఉన్న ఊరికి “లివ్” వాడండి.

ఇంకో రెండు రూపాలు కనపడతాయి, గుర్తుపడితే చాలు. “హూ పుట్ హిమ్ అప్ టు దిస్?” అంటే వీణ్ని ఎవరు ఎగదోశారని. “పుట్-అప్ జాబ్” అంటే ముందే కూడబలుక్కుని ఆడిన నాటకం.

సరిచూసుకోండి

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ రోజుల మీద అల్లిన అయిదు వాక్యాలు ఇవి. కింది జవాబులు మూసి, అన్నింటినీ పుట్ అప్‌తో ఇంగ్లీషులోకి మార్చండి. కొత్త స్తంభాలు పాతారు. బడిలో మాకు మూడు రాత్రులు బస ఇచ్చారు. చాలా రోజులు చీకటిని భరించాం. కొన్ని కొట్లలో కొవ్వొత్తుల రేటు పెంచారు. బోటు బాగుచేయడానికి మా బాబాయి డబ్బు పెట్టాడు.

జవాబులు వరసగా: “దే పుట్ అప్ న్యూ పోల్స్.” “దే పుట్ అస్ అప్ ఇన్ ద స్కూల్ ఫర్ త్రీ నైట్స్.” “వుయ్ పుట్ అప్ విత్ ద డార్క్‌నెస్ ఫర్ మెనీ డేస్.” “సమ్ షాప్స్ పుట్ అప్ ద ప్రైస్ ఆఫ్ క్యాండిల్స్.” “మై అంకుల్ పుట్ అప్ ద మనీ టు రిపేర్ ద బోట్.”

రెండో వాక్యంలో “పుట్ అప్ అస్” అని రాసి ఉంటే అయిదో రోజు పేజీ మళ్లీ చదవండి. మూడో వాక్యంలో విత్ మరిచిపోయి ఉంటే చీకటిని స్తంభంలా పాతినట్టవుతుంది, నాలుగో రోజుకు వెళ్లండి. ఒకటీ నాలుగూ పైకి గడిలో, అయిదు ముందుకి గడిలో, రెండూ మూడూ లోపలికి గడిలో రాసి ఉండాలి. ఈ అయిదూ తడుముకోకుండా వస్తే, ఇదే నోట్‌బుక్కులో తర్వాతి పేజీ తీసి “పుట్ ఆఫ్” అని రాయండి. అక్కడ తోపు దూరంగా ఉంటుంది: వాయిదా వేయడం, మనసు విరిగేలా చేయడం.